కరెంటు కబుర్లు: సున్నా కోసం కాపు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం మంట గురించే. వానలు మొదలైతే ఇంతే. నాగావళికి కొత్తనీరు రావడం, మా రాయగడలో సాయంత్రం నాలుగింటికి ఫీడర్లు (సబ్‌స్టేషను నుంచి బయల్దేరే లైన్లు) టపటపా పడిపోవడం ఒకేసారి జరుగుతాయి. ఇన్వర్టర్ల గురించి, బిల్లుల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. ఈ నెలంతా ఆర్కే, అంటే స్విచ్చి కాంటాక్టులు విడిపోయేటప్పుడు వాటి మధ్య లేచే మంటే. పుస్తకాల్లో దాన్ని విద్యుచ్చాపం అంటారు. ముప్పై ఏళ్లు యార్డులో పనిచేసిన నాకు ఆ మాట ఎవరి నోటా వినబడలేదు. మావాళ్లు మంట అనే అనేవారు, లేకపోతే ఆర్క్ అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండో ఏడు చదువుతున్నాను. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా అవుతుంది కాబట్టి ఆర్క్ దానంతట అదే ఆరిపోతుందని క్లాసులో చెప్పారు. తానే ఆరిపోయేదానికి, కరెంటు తెంపడానికి అంత పెద్ద బ్రేకరు, అందులో ఆయిలు, గ్యాసు ఎందుకండీ? ఇంతకీ కాంటాక్టులు విడిపోయాక కూడా కరెంటు గాల్లోంచి ఎలా పోతోంది?
— ఐటీఐ విద్యార్థి, గుణుపురం

జవాబు: నీ రెండో ప్రశ్న ముందు చూద్దాం నాయనా, మొదటిది దాని మీదే నిలబడి ఉంది.

కాంటాక్టులు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు కంటికి కనిపిస్తాయి. నిజానికి అవి తాకేది కొన్ని చుక్కల దగ్గరే. విడదీయడం మొదలుపెట్టగానే ఆ చుక్కలు ఒక్కొక్కటే జారిపోయి చివరికి ఒకటి మిగులుతుంది. చైత్రంలో మజ్జిగౌరమ్మ గుడికి నాలుగు దారుల్లో వచ్చిన జనమంతా చివర ఒకే సందులో పడతారు చూడు, కరెంటు పని అప్పుడు అదే. ఆ ఒక్క చుక్క కరుగుతుంది, సాగుతుంది, తెగుతుంది, ఆవిరైపోతుంది. ఆ వేడికి లోహపు ఆవిరి, చుట్టూ ఉన్న గాలి విడిపోయి ఎలక్ట్రాన్లు, అయాన్లు అయిపోతాయి. ఇక అది గాలి కాదు, తీగ! వేల డిగ్రీల వేడిలో ఉన్న తీగ. సూర్యుడి పైపొర వేడి 5,500 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే, బ్రేకరులో ఆర్క్ నడిబొడ్డు దానికి రెండు మూడింతలు కూడా పోతుంది.

పైగా లైనులో ఇండక్టెన్సు ఉంది, అంటే కరెంటు మారబోతే అడ్డుపడే గుణం. ఘాటీ దిగుతున్న లోడు లారీ బ్రేకు తొక్కగానే నిలబడిపోదు కదా. ఇండక్టెన్సులో దాగిన శక్తికీ ఏదో ఒక దారి కావాలి. ఆ దారి మూసి కరెంటును ఉన్నపళంగా నరికేశావంటే వోల్టేజి ఆకాశానికి ఎగిరి ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు వైండింగు చీల్చుకుని బయటికొస్తుంది. అందుకని ఆర్క్‌ను మరీ తిట్టకు. కరెంటు తనంతట తాను సున్నాకు దిగేదాకా దాన్ని మర్యాదగా నడిపించేది అదే.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. మీ ఐటీఐలో వెల్డింగు షాపు ఉంటుంది. ఏసీ సెట్టు మీద 6013 రాడ్డుతో వెల్డింగు చేస్తుంటే వెల్డింగు నల్లద్దం పెట్టుకుని ఒక పది నిమిషాలు చూడు. అదీ ఏసీయే, అదీ సెకనుకు 100 సార్లు సున్నా అవుతోంది. ఆరుతోందా? ఆరదు. సున్నా దాటిన మరుక్షణం మళ్లీ అంటుకుంటోంది. ఆ రాడ్డు పైపూతలో పొటాషియం సమ్మేళనాలు కలుపుతారు. పొటాషియం సులువుగా అయాన్లయ్యే లోహం కాబట్టి సున్నా దగ్గర కూడా దారి చల్లారనివ్వదు. వెల్డరుకు కావాల్సింది అది. బ్రేకరుకు కావాల్సింది సరిగ్గా దానికి తలకిందులు. మీ సారు చెప్పింది తప్పు కాదు గానీ సగమే చెప్పారు: సున్నా దగ్గర ఆర్క్ ఆరుతుంది, మళ్లీ అంటుకోకుండా చూడ్డమే బ్రేకరు పని.

అక్కడొక పందెం నడుస్తుంది. కరెంటు సున్నా అయిన క్షణం నుంచి ఒకవైపు కాంటాక్టుల మధ్య ఖాళీ చల్లబడి, అయాన్లు మళ్లీ జతకూడి, వోల్టేజిని ఆపే బలం తెచ్చుకుంటుంటుంది. రెండోవైపు ఆ ఖాళీ మీద వోల్టేజి ఎక్కుతుంటుంది. ఏది ముందు పెరిగితే దానిదే గెలుపు. ఈ పందెం మాట 1928లో చెప్పినవాడు అమెరికాలో వెస్టింగ్‌హౌస్‌లో పనిచేసిన జోసెఫ్ స్లెపియన్. వందేళ్లు కావస్తున్నా ఇంతకంటే తేలికగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు.

పందెం ఎంత కష్టమో చూడు. షార్టు సర్క్యూట్‌లో దారంతా ఇండక్టెన్సే కాబట్టి కరెంటు వోల్టేజికి ఇంచుమించు 90 డిగ్రీలు వెనకబడి ఉంటుంది. అంటే కరెంటు సున్నాకొచ్చే వేళకు వోల్టేజి శిఖరం మీద కూర్చుని ఉంటుంది. 33 కె.వి. (33 వేల వోల్టుల) లైనులో ఒక్కో ఫేజుకూ భూమికీ మధ్య వోల్టేజి 19 కె.వి., దాని శిఖరం 27 కె.వి. మంట ఆరిన వెంటనే ఆ 27 కె.వి. కాంటాక్టుల మధ్యకు దూకుతుంది. దూకి ఆగదు, ఉయ్యాలలా ఊగి అంతకంటే పైకి పోయి వస్తుంది. ఇదంతా మైక్రోసెకన్ల వ్యవహారం. ఈసారి ఓడిపోతే మళ్లీ సున్నా వచ్చేది 10 మిల్లీసెకన్ల తర్వాత. అప్పటికి కాంటాక్టులు ఇంకాస్త దూరం జరిగి ఉంటాయి కాబట్టి రెండో పందెం కాస్త నయం. మూడో దాకా పోతే నువ్వు పారిపో!

ఆయిలు, గ్యాసు, వాక్యూమ్ అన్నీ ఈ పందెంలో మొదటి గుర్రానికి పెట్టే దాణాలే. పరీక్షలో మాత్రం ఇలా రాయకు, మార్కులు పోతాయి.

ప్రశ్న: అయ్యా, మాకు రైసు మిల్లు ఉంది. 11 కె.వి. హెచ్.టి. సర్వీసు. మా నాన్నగారి కాలం నాటి ఆయిలు బ్రేకరే ఇప్పటికీ వాడుతున్నాం. తీసేసి వాక్యూమ్ బ్రేకరు పెట్టమంటున్నారు. కిందటేడే కొత్త ఆయిలు పోయించాను. నిజంగా మార్చాలా? వాక్యూమ్ అంటే లోపల ఏమీ ఉండదు కదా, ఏమీ లేనిచోట మంట ఎలా వస్తుంది, దాన్ని ఏది ఆర్పుతుంది?
— మిల్లు యజమాని, పర్లాకిమిడి

జవాబు: మార్చండి బాబూ. ఎందుకో చెప్పడానికి నా పరువు కాస్త తీసుకోవాలి.

1994 ఆషాఢం. ఈ చుట్టుపక్కలే ఒక ఫ్యాక్టరీలో 33 కె.వి. యార్డులో షిఫ్టు నాది. మినిమం ఆయిలు బ్రేకర్లు ఉండేవి, ఒక్కో ఫేజుకు ఒక్కో నిలువు గొట్టం. అందులో ఆయిలు కొద్దిగానే పడుతుంది. సాయంత్రం పిడుగుల వాన. ఒక ఫీడరు ట్రిప్పయింది. వేశాను, నిలబడలేదు. నిమిషం ఆగి మళ్లీ వేశాను, మళ్లీ కొట్టింది. లోపల్నుంచి ఫోను, ఫర్నేసు చల్లారిపోతోందని. మూడోసారి వేశాను. పక్కనే మా ఒడియా హెల్పరు, నాకంటే పదేళ్లు పెద్దవాడు, ఏ మాటన్నా "ఆజ్ఞా" (చిత్తం) అనేవాడు. ఆరోజు మాత్రం అనలేదు. హ్యాండిల్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను నాలుగోసారి వేశాను.

బీ ఫేజు గొట్టం నెత్తిన ఉన్న గాలిరంధ్రం నుంచి నల్లటి ఆయిలు చిమ్మింది. పింగాణీ మీద, కంకర మీద, మా ఇద్దరి చొక్కాల మీద. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా తల్లిదండ్రుల పుణ్యం. ఆ ఫీడరు రెండు రోజులు పడింది.

మర్నాడు ఆ గొట్టంలో మిగిలిన ఆయిలు గ్లాసులోకి దింపాం. కొత్తదైతే లేత తేనె రంగులో, అవతలి వేలు కనబడేలా ఉంటుంది. ఇది మాడిన కుండ అడుగు కడిగిన నీళ్లలా ఉంది. నలుసులు కిందికి దిగుతున్నాయి, గ్యాసు కటింగు దగ్గర వచ్చే వాసన కొడుతోంది. ఆయిలు ఎన్ని వోల్టుల దాకా ఆపగలదో చూసే బి.డి.వి. కిట్టులో పోశాం. రెండు గుండ్ల మధ్య 2.5 మిల్లీమీటర్ల సందు, చక్రం మెల్లగా తిప్పుతూ వోల్టేజి పెంచాలి. మంచి ఆయిలు 30 కె.వి. దాటినా కదలకూడదు. మాది 11 దగ్గర టిక్కుమంది. ఆరోజు నుంచి 3 నిమిషాలంటే నాకు 3 నిమిషాలే.

ఆ మూడు నిమిషాల సంగతి బ్రేకరు నేమ్‌ప్లేటు మీదే ఉంటుంది. ఆపరేటింగ్ డ్యూటీ అని రాసి, తెరిచాక 3 నిమిషాలు, మూసి తెరిచాక ఇంకో 3 నిమిషాలు అని చూపిస్తుంది. నేను రోజూ తుడిచే ప్లేటే అది.

ఇప్పుడు ఆ గొట్టంలో జరిగేది వినండి. ఆయిలులో ఆర్క్ పుట్టగానే చుట్టూ ఉన్న ఆయిలు ఆవిరై విడిపోతుంది. వచ్చే గ్యాసులో నూటికి 70 పాళ్లు హైడ్రోజనే, తర్వాతి వాటా ఎసిటిలీన్‌ది. హైడ్రోజన్ వేడిని గాలికంటే ఏడింతలు త్వరగా లాక్కుపోతుంది. అంటే ఆర్క్ తన చుట్టూ తానే చల్లదనం పరుచుకుంటుందన్నమాట. చిన్న కుండలాంటి గదిలో ఈ గ్యాసు ఒత్తిడి పెంచి, పక్క సందుల్లోంచి తాజా ఆయిలును ఆర్క్ మీదికి తోస్తుంది. ఇందులో ఒక విడ్డూరం ఉంది. పెద్ద ఫాల్టు వస్తే గ్యాసు ఎక్కువ పుట్టి గబుక్కున ఆర్పేస్తుంది, చిన్న కరెంటుకు గ్యాసు చాలక తడబడుతుంది. ఎంత పొడిస్తే అంత బలం వచ్చే జంతువు అది. దీనికి మూల్యం మసి. తెరిచిన ప్రతిసారీ కాస్త ఆయిలు కార్బన్ అవుతుంది. కార్బన్ కరెంటును పోనిస్తుంది. మీరు కిందటేడు పోయించిన ఆయిలు ఎన్ని ట్రిప్పులు తిందో లెక్క రాశారా? రాసి ఉండరు. నేనూ రాయలేదు.

వాక్యూమ్ సంగతికొస్తే, మీ అనుమానం తెలివైనది. ఏమీ లేనిచోట మంట పుట్టదు, నిజమే. మరి అక్కడ కాలేది కాంటాక్టు లోహమే. విడిపోయేటప్పుడు రాగి, క్రోమియం కలిపిన ఆ ముఖం మీద చిన్నచిన్న చుక్కలు మరిగి ఆవిరి లేస్తుంది, కరెంటు ఆ ఆవిరిలో నడుస్తుంది. కరెంటు తగ్గేకొద్దీ ఆవిరి తగ్గుతుంది. సున్నా కాగానే పుట్టడం ఆగిపోతుంది. ఉన్న ఆవిరి ఎటు పోతుంది? చుట్టూ గాలి లేదు, అడ్డు లేదు. మైక్రోసెకన్లలో పక్కనున్న లోహపు తెర మీదికి పోయి, చలికాలం అద్దం మీద పొగమంచులా అంటుకుపోతుంది. మళ్లీ శూన్యమే మిగులుతుంది. ఇందాక గుణుపురం కుర్రాడికి చెప్పిన పందెంలో ఇంత వేగంగా బలం తెచ్చుకునేది ఇంకోటి లేదు. అందుకే 11 కె.వి. బాటిల్‌లో (కాంటాక్టులుండే, గాలి తీసేసి మూసిన గొట్టాన్ని అలా అంటాం) కాంటాక్టులు విడిపోయేది ఇంచుమించు 10 మిల్లీమీటర్లే, చిటికెన వేలి మందం.

కరెంటు పెద్దదైతే ఆవిరి ఒకేచోట పోగుపడి ముఖం గుంట పడుతుంది. దానికి విరుగుడుగా కాంటాక్టు ముఖం మీద చక్రంలా వంపు గాట్లు పెడతారు. కరెంటు ఆ గాట్లలో తిరుగుతూ తన అయస్కాంతంతో తనే ఆర్క్‌ను గుండ్రంగా పరుగెత్తిస్తుంది. పాడైన బాటిల్ ఒకటి కోయించి చూశాను. పెంకు లోపలి తెర మీద రాగి పూత అద్దంలా తళతళలాడుతోంది. పదేళ్లపాటు ఆరిన మంటలన్నీ అక్కడ పూసి ఉన్నాయి.

కొనేటప్పుడు సెకండ్‌హ్యాండు జోలికి పోకండి. బాటిల్‌లో వాక్యూమ్ పోయినా పైకి కొత్తదానిలాగే ఉంటుంది. తెరిచి ఉన్న కాంటాక్టుల మీద హై వోల్టేజి పరీక్ష పెడితేనే బయటపడుతుంది. ఇంకొకటి. వాక్యూమ్‌కు కాస్త దూకుడెక్కువ. చిన్న కరెంటును సున్నా రాకముందే, ఏ 3 ఆంపియర్ల దగ్గరో 5 దగ్గరో నరికేస్తుంది. ఖాళీగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరును తెరిచేటప్పుడు ఇది వోల్టేజి దెబ్బ కొడుతుంది. మీది ఆయిలు ట్రాన్స్‌ఫార్మరైతే పెద్ద బెంగ లేదు, డ్రై టైపయితే దాని గడప దగ్గరే సర్జి అరెస్టర్లు (వోల్టేజి దెబ్బను భూమిలోకి మళ్లించేవి) పెట్టించండి.

ప్రశ్న: నమస్తే అండీ. నేను తెలుగు మీడియం బడిలో టీచరును. మా ఇంట్లో పాడైన ఎం.సి.బి.ని (ఫ్యూజు బదులు పెట్టే, దానంతటదే పడిపోయే స్విచ్చిని) మా అబ్బాయి స్క్రూడ్రైవరుతో విప్పేశాడు. లోపల దువ్వెన పళ్లలా ఇనుప రేకులు వరసగా ఉన్నాయి, దేనికీ తగలకుండా. తీగ కూడా లేదు వాటికి. అవెందుకమ్మా అని అడిగితే నాకు తెలియలేదు.
— ఉపాధ్యాయిని, బరంపురం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మంచి వస్తువే విప్పాడు. ఆ చిన్న డబ్బాలో ఆయిలుకు చోటు లేదు, గ్యాసు లేదు, వాక్యూమ్ లేదు. ఉన్నదల్లా ఆ దువ్వెనే.

షార్టు అయినప్పుడు లోపలి చిన్న తీగచుట్ట అయస్కాంతమై కాంటాక్టును తన్ని విడగొడుతుంది. పుట్టిన ఆర్క్ తన కరెంటు సృష్టించిన అయస్కాంత బలంతోనే పక్కకు జరుగుతూ, ఇనుప రేకుల లాగుడుకు ఆ వరసలోకి దూరుతుంది. అక్కడ ఒక పెద్ద ఆర్క్ కాస్తా రేకుకూ రేకుకూ మధ్య పుట్టే పది పన్నెండు బుల్లి ఆర్క్‌లుగా తెగిపోతుంది. ఆర్క్ ఎంత పొట్టిదైనా దాని రెండు మొదళ్ల దగ్గర సుమారు 20 వోల్టులు ఖర్చు పెట్టక తప్పదు. గేటు దాటాలంటే టోలు కట్టినట్టు. ఒక్క గేటైతే 20, పన్నెండు గేట్లయితే 240. ఇంట్లో ఉన్నదే 230 వోల్టులు, శిఖరం 325. అంత టోలు కట్టేసరికి కరెంటుకు చేతిలో మిగిలేది అంతంత మాత్రం. పూర్తి ఎత్తుకు ఎదగకముందే కుంగిపోయి సున్నాకు దిగుతుంది. ఈ రేకుల ఆలోచన కూడా ఇందాక చెప్పిన స్లెపియన్‌దే.

మీ అబ్బాయిని ఆ డబ్బా ముందువైపు చూడమనండి. చిన్న పెట్టెలో 6000 అని ఉండొచ్చు. అన్ని ఆంపియర్ల షార్టును ఈ రేకులు తట్టుకుంటాయని అర్థం. సీ 16 అని ఉంటే రోజువారీ లోడు 16, దానికి ఐదు నుంచి పదింతల మధ్య ఎక్కడో చుట్ట తన్నుతుంది. ఈ రెండూ కలిపి చూసుకోకుండా షాపులో "పదహారుది ఇవ్వు" అంటే ఇచ్చేస్తారు. రేకులు నల్లగా మాడి ఉంటే అది ఒక పెద్ద షార్టు మింగి చచ్చిందన్నమాట. కిట్‌క్యాట్ ఫ్యూజుల కాలంలో మా వీధిలో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టేవారు. పింగాణీ పగిలేది గానీ కాగితం తెగేది కాదు.

ప్రశ్న: అయ్యా, అల్లం, కూరగాయలు పండిస్తాం. సోలారు పంపు పెట్టించాం, 3 హెచ్.పి.ది, ఎనిమిది పలకలు. పలకలకూ కంట్రోలరు డబ్బాకూ మధ్య ఇంట్లో వాడే ఎం.సి.బి. వేశారు. మొన్న మిట్టమధ్యాహ్నం పంపు నడుస్తుండగా దాన్ని కిందికి దించాను. లోపల జివ్వుమని, పొగ వచ్చి, ప్లాస్టిక్కు కారిపోయింది. 32 ఆంపియర్లది, మా కరెంటు 9 కూడా లేదు. ఎందుకిలా?
— రైతు, జయపురం దగ్గరి పల్లె

జవాబు: మీ చేతికి ఏమీ కాలేదనుకుంటాను. తప్పు మీది కాదు, అది బిగించిన వాడిది.

పైన రాసినదంతా సున్నా మీద నడిచే కథ. మీ పలకల నుంచి వచ్చేది డీసీ, ఎప్పుడూ ఒకే వైపు పోయే కరెంటు. సున్నా రాదు. రేపు ఉదయం దాకా కాచుకున్నా రాదు. పలక ఒక్కోటి తెరిచి ఉన్నప్పుడు 45 వోల్టులనుకుంటే ఎనిమిదీ వరసగా కలిస్తే 360. ఆ డబ్బాలో రేకుల దువ్వెన ఉన్నా, 9 ఆంపియర్లకు అయస్కాంత బలం చాలదు. ఆర్క్ రేకుల దాకా పోదు, కాంటాక్టు దగ్గరే కూర్చుని వెల్డింగు రాడ్డులా కాలుతుంది. పెద్ద షార్టును తినగలిగిన డబ్బా చిన్న కరెంటుకు చచ్చింది. పర్లాకిమిడి వారి ఆయిలు బ్రేకరు విడ్డూరం గుర్తొచ్చిందా?

ఇంకో తిరకాసు ఉంది. సోలారు పలకను షార్టు చేసినా మామూలు కరెంటుకు కాస్త ఎక్కువే ఇస్తుంది, అంతకుమించి ఇవ్వలేదు. అందుకని మీ 32 ఆంపియర్ల ఎం.సి.బి. ఎప్పటికీ దానంతటది ట్రిప్పవదు. అది అక్కడ ఉన్నా లేనట్టే.

డీసీ ఆర్క్‌ను ఆర్పాలంటే ఒకటే దారి: దాన్ని సాగదీసి సాగదీసి, ఆ ఆర్క్ అడిగే వోల్టేజి మీ పలకలు ఇచ్చేదాన్ని మించేలా చెయ్యాలి. అప్పుడు కరెంటు చచ్చినట్టు సున్నాకు దిగుతుంది. డీసీ ఎం.సి.బి.లో ఇందుకు చిన్న శాశ్వత అయస్కాంతం పెడతారు, ఎంత చిన్న ఆర్క్‌నైనా రేకుల్లోకి తోసేలా. అలాంటి వాటి మీద ప్లస్సు, మైనస్సు గుర్తులుంటాయి. గుర్తు తిరగేసి బిగిస్తే అయస్కాంతం ఆర్క్‌ను ఎదురువైపు, మెకానిజం లోకి తోస్తుంది. గుర్తులు లేని, రెండువైపులా పనిచేసే రకం కూడా దొరుకుతుంది. కొత్తది వేసేవాణ్ణి పక్కన కూర్చుని ఆ గుర్తులు చూపించమనండి. దాని మీద డీసీ వోల్టులు 360 కంటే గట్టి తేడాతో ఎక్కువ రాసి ఉండాలి. రోజూ ఆపేటప్పుడు ముందు కంట్రోలరులో పంపు ఆపండి, తర్వాత స్విచ్చి దించండి. ఎండలో పంపు తిరుగుతుండగా పలకల వెనకనున్న కనెక్టర్లు మాత్రం పీకొద్దు.

మీ జయపురం వారికి డీసీ కొత్తేమీ కాదు, తెలియదంతే. జయపురం నుంచి గాజువాకకు 400 కె.వి. లైను పోతుంది చూశారా, అది ఏసీయే. గాజువాకలో ఒకే ఆవరణలో దాన్ని డీసీ చేసి, వెంటనే మళ్లీ ఏసీ చేసి ఆంధ్రా వైపు పంపుతారు. 1999లో మొదటి 500 మెగావాట్లు అలా మొదలైంది. అప్పట్లో దక్షిణాది గ్రిడ్డు, మన తూర్పు గ్రిడ్డు ఒకే తాళం మీద ఉండేవి కావు, 2013 డిసెంబరు 31న గానీ దక్షిణాది దేశంతో జత కలవలేదు. అక్కడ డీసీని ఆపడానికి బ్రేకరు అక్కర్లేదు. డీసీ చేసే థైరిస్టర్లకు (సంకేతం ఇస్తేనే కరెంటును పోనిచ్చే ఎలక్ట్రానిక్ స్విచ్చిలకు) సంకేతం ఆపేస్తే సరిపోతుంది. మీ పొలంలో థైరిస్టర్లు లేవు, కాబట్టి స్విచ్చి సరైనది ఉండాలి.

ప్రశ్న: సార్, నేను గ్రిడ్ సబ్‌స్టేషన్‌లో అప్రెంటిస్‌ను. బ్రేకర్లలో నింపే ఎస్.ఎఫ్.6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడు) గ్యాసు విషమా? ఒకతను పీల్చి గొంతు మార్చి చూపించాడు.
— అప్రెంటిస్, కొరాపుట్

జవాబు: వాడికి నా తరఫున రెండు తగిలించు. కొత్త గ్యాసు విషం కాదు, వాసన లేదు, రంగు లేదు. కానీ గాలికి ఐదింతలు బరువు. కేబుల్ ట్రెంచిలో అడుగున కూర్చుంటుంది, కిందికి దిగినవాడికి ఊపిరి అందదు, ఎందుకో కూడా తెలియదు. అది ఎలక్ట్రాన్లను పట్టేసి కదలనివ్వకుండా చేసే గ్యాసు. అందుకే సున్నా దగ్గర అంత చురుగ్గా ఆర్పుతుంది. బ్రేకరు తెరుచుకునే కదలికే సిలిండరులో గ్యాసును నొక్కి ఆర్క్ మీదికి ఊదుతుంది. ఆర్క్ తగిలిన గ్యాసు మాత్రం వేరే సంగతి. విప్పిన చాంబరులో తెల్లటి పొడి, కుళ్లిన గుడ్ల కంపు ఉంటే అది విషమే. గ్లౌజు, మాస్కు లేకుండా చెయ్యి పెట్టకు. ఊరికే గాలిలోకి వదలడం కూడా నేరంలాంటిదే. ఒక కిలో వదిలితే వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కలో 23 టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడుతో సమానం. మా కాలంలో కుళాయి తిప్పి వదిలేసేవాళ్లం, ఎవరూ చెప్పలేదు.

ప్రశ్న: తాతగారూ, నేను తొమ్మిదో తరగతి. బడిలో ఒడియా, మా నాయనమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి. మా నాన్న లైన్‌మన్. స్తంభం మీద స్విచ్చి తీసినప్పుడు నీలం మంట పాములా పైకి లేచింది. రెండు కొమ్ముల్లాంటి కడ్డీల మధ్య పైకి పాకి మాయమైపోయింది. ఎందుకు పైకే పోతుంది?
— విద్యార్థిని, బిస్సంకటక్

జవాబు: తప్పులు రెండే ఉన్నాయి తల్లీ, నేను దిద్దేశాను. నువ్వు చూసింది ఎ.బి. స్విచ్చి, అంటే గాలిలోనే తెరుచుకునే ఎయిర్ బ్రేక్ స్విచ్చి. మంట వేడిగా ఉంటుంది కాబట్టి వేడిగాలి పైకి లేస్తూ దాన్ని ఎత్తుకుపోతుంది, కరెంటుకున్న అయస్కాంత బలం కూడా అటే నెడుతుంది. కొమ్ములు కింద దగ్గరగా, పైన దూరంగా ఉంటాయి. పాకేకొద్దీ మంట సాగుతుంది, సన్నబడుతుంది, చల్లబడుతుంది, తెగుతుంది. చాలా పాత ఉపాయం ఇది. నేను పుట్టిన మాచ్‌ఖండ్ కాలనీలో చిన్నప్పుడు ఇలాంటి కొమ్ములు చూసి మేకపోతని పేరు పెట్టుకున్నాం.

ఐతే అది ఖాళీ లైను మోసే కొద్దిపాటి కరెంటుకే. లోడు ఉన్న లైను మీద ఆ స్విచ్చి తీస్తే పాము కొమ్ముల మధ్య ఆగదు, పక్క ఫేజు మీదికి గాలికి వాలిపోతుంది. అందుకే మీ నాన్న హ్యాండిల్ పట్టుకునే ముందు సబ్‌స్టేషనుకు ఫోను చేసి, బ్రేకరు తీయించి, ఎల్.సి. (లైన్ క్లియర్, లైను మీద పని చేసుకోవచ్చనే అనుమతి) నంబరు రాసుకుంటారు. ఆ ఫోను మాట్లాడుతున్నప్పుడు మాత్రం నాన్నను భోజనానికి పిలవకు.